నగరిలో పెళ్లి పొయ్యి

రఫీక్ బంగ్లాదేశ్‌లో గ్యాసు ఇంజనీరు. రెండు దేశాల గ్యాసు గొట్టాలను కలిపే చర్చలకు వచ్చాడు. మా గ్యాసు కంపెనీ పనులు చూపించడానికి విశాఖ నుంచి నేను వెంట వచ్చాను. తిరుపతి నుంచి నగరి దాకా కారులో గ్యాసు ధర గురించే వాదించుకున్నాం.

నగరిలో కారు దిగగానే గుప్పున వాసన కొట్టింది. కాలువ తవ్వుతున్న పొక్లెయిన్ గ్యాసు గొట్టాన్ని చీల్చేసింది. కాస్త అవతల షామియానా కింద కట్టెల పొయ్యి మీద పెళ్లి బిర్యానీ ఉడుకుతోంది. నేను దూరంగా వెళ్లి వాల్వు మూయమని ఫోన్ చేసి వచ్చేసరికి రఫీక్ "మంట ఆర్పండి!" అని హిందీలో అరుస్తున్నాడు.

పెళ్లికూతురి తండ్రి అడ్డం నిలబడ్డాడు. "మగపెళ్లివాళ్లు వస్తా ఉండారప్పా. ఇప్పుడు ఆర్పితే నా పరువేం గావాల?" అని నన్నడిగాడు.

రఫీక్ నా వైపు తిరిగాడు. "మా ఊళ్లో ఈ వాసన వస్తే ఎవరూ పట్టించుకోలేదు. మంటలారాక మా అక్కను గుర్తుపట్టలేకపోయాం" అన్నాడు.

నేను ఆ మాట తెలుగులో చెప్పగానే పెళ్లికూతురి తండ్రి పక్కకు తప్పుకున్నాడు. బిందె ఎత్తి తానే పొయ్యిలో నీళ్లు కుమ్మరించాడు. ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని వీధి చివరికి పరుగెత్తారు. వాల్వు మూసి గొట్టం బుస ఆగేదాకా ఎవరూ వెనక్కి రాలేదు.

తర్వాత చుట్టుపక్కల నేతపనివాళ్లు తమ ఇళ్లలోని అన్నం, పులుసు గిన్నెలతో మోసుకొచ్చారు. మగపెళ్లివారు ఎదురు మాట్లాడకుండా అదే తిన్నారు. "మీరూ మా సుట్టాలే, కూసోండప్పా" అని ఆ తండ్రి మాకూ వడ్డించాడు.

తిరుగుదారిలో రఫీక్ నన్నడిగాడు. "మీ వైపు గొట్టం చీలితే మాకు ఎవరు చెబుతారు?"

అది తేలేదాకా ఇద్దరం ధర ఊసెత్తలేదు.