ఇల్లంతా స్పీకర్లు పెట్టిన మా పెదనాయన

నిన్న పొద్దున్నే ఫోన్. ఆళ్లగడ్డలో పెదనాయన పోయాడు.

షాక్ అయ్యాను. నిజం చెప్తున్నా, ఆయన పోతాడని నేనెప్పుడూ అనుకోలేదు. చుట్టూ ఉన్నవాళ్లకు ఓపిక అయిపోయేదే గానీ ఆయనకు ఏమీ అయ్యేది కాదు.

అప్పటినుంచి ఫ్యామిలీ గ్రూపులో ఒకటే మెసేజ్‌లు.

మహానుభావుడట. అజాతశత్రువట. ఒక కజిన్ అయితే "తొంభైల్లోనే ఇంట్లో మల్టీరూమ్ సిస్టమ్ పెట్టిన విజనరీ" అని రాసి, వరసగా దండాల ఎమోజీలు పెట్టాడు.

విజనరీ!

ఆ సిస్టమ్ కింద పెరిగినవాళ్లలో నేనూ ఒకదాన్ని. కాబట్టి నేనూ నాలుగు ముక్కలు రాస్తాను.

మాది స్టీలు సామాన్ల అంగడి. ముగ్గురు అన్నదమ్ములు, ఒకే ఇల్లు, ఒకే వంట. అందరికంటే పెద్ద ఈయన. చిన్నవాడు మా నాన్న.

నంద్యాలలో పెళ్లిళ్లకు మైక్ సెట్ పెట్టే ఒకాయన దగ్గర పెదనాయన పాత యాంప్లిఫయర్ కొనుక్కొచ్చాడు. దాన్ని తన గదిలో పెట్టుకుని, ఇల్లంతా వైర్లు లాగి, గదికో స్పీకర్ బిగించాడు. వంటింటిని కూడా వదల్లేదు. తర్వాత డిష్ వచ్చింది. గదికో టీవీ, అన్నింటికీ కలిపి ఒకటే బాక్సు. బాక్సు ఆయన గదిలో, రిమోట్ ఆయన బనీను జేబులో.

ఆయన ఏం చూస్తే ఇల్లంతా అదే చూడాలి. ఆయన ఏం వింటే అదే వినాలి. ఇదీ మన విజనరీ గారి విజన్.

ఒక ఆదివారం సినిమా సరిగ్గా క్లైమాక్స్‌లో ఉండగా ఛానెల్ మార్చి, రిమోట్ మీదే పడి నిద్రపోయాడు. అన్ని గదుల్లో అందరం కూర్చుని, మిరపతోటలో మందు ఎప్పుడు కొట్టాలో శ్రద్ధగా చూశాం. మాకు సెంటు భూమి లేదు. ఆయన్ను లేపే ధైర్యం మాత్రం ఎవరికుంది?

ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది. అప్పుడు రాలేదు.

ఎందుకంటే మా అమ్మకు తలనొప్పి. మామూలుది కాదు. వచ్చిందంటే వెలుతురు పడదు, చప్పుడు పడదు, ఒకటే వాంతులు. ఇప్పుడు డాక్టర్లు దాన్ని మైగ్రేన్ అంటున్నారు. అప్పట్లో మా ఇంట్లో దాని పేరు నాటకాలు.

తెల్లారకముందే స్పీకర్లలో భజనలు మొదలయ్యేవి. కరెంటు పోతే ఊరంతా తిట్టుకునేది. మా అమ్మ మొహం మాత్రం విచ్చుకునేది. ఎండాకాలం ఫ్యాన్ లేకపోయినా సరే, హాయిగా కళ్లు మూసుకునేది.

ఒకరోజు ధైర్యం చేసి, తలుపు పక్కన నిలబడి అడిగింది.

"బావా, మా రూములో స్పీకరుకు ఒక్క స్విచ్ పెట్టీయండి. తల నొస్తాంటే ఆపుకుంటా."

అడిగింది అంతే. ఒక్క స్విచ్.

ఆయన కోప్పడలేదు. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "స్విచ్ పెడితే ఎవరికి వాళ్లు ఆపుకుంటారు కదమ్మా. ఇంగ ఇల్లు ఒకటిగా యాడుంటాది?"

ఆ తర్వాత తల నొస్తే అమ్మ బియ్యం మూటలుండే కొట్టుగదిలోకి పోయి, తడిగుడ్డ కట్టుకుని పడుకునేది. ఇల్లు మొత్తం మీద స్పీకర్ లేని గది అదొక్కటే.

అది పెదనాయన కంట్లో పడింది. మర్నాడే నిచ్చెన వేసుకుని అక్కడా ఒకటి బిగించాడు.

"పాపం, ఒక్కత్తే చీకట్లో పండుకుంటాంది. తోడుగా ఉంటాదని పెడ్తాండా" అన్నాడు.

నిజంగా జాలితోనే పెట్టాడు. నాకు ఒళ్లు మండేది అందుకే. కక్షతో పెట్టుంటే పోట్లాడొచ్చు. జాలిపడి మనల్ని చంపుకుతినే మనిషితో ఏమని పోట్లాడతాం?

ఎన్నడూ అన్న ముందు నోరెత్తని మా నాన్న, ఆ వారమే నంద్యాలలో రెండు గదుల ఇల్లు చూసొచ్చాడు.

"ఏం తక్కువైందిరా నీకు ఈడ?" అన్నాడు పెదనాయన.

"స్విచ్, అన్నా" అన్నాడు నాన్న.

పెదనాయన పగలబడి నవ్వాడు. జోక్ అనుకున్నాడు. చచ్చేదాకా బంధువులందరికీ "మా వాళ్లకు నంద్యాల మోజు" అనే చెప్పుకున్నాడు. కాదు పెదనాయనా. మోజూ కాదు, ఆస్తి గొడవా కాదు. నువ్వు పెట్టని స్విచ్ కోసమే మేం వేరుపడ్డాం.

నంద్యాల వచ్చినంత మాత్రాన అమ్మకు తలనొప్పి పోలేదు. వచ్చినప్పుడు పడుకోవడానికి ఒక చోటు దొరికింది, అంతే. మాకు అదే పదివేలు.

నిన్న అమ్మానాన్నలను తీసుకుని ఆళ్లగడ్డ వెళ్లాను. హాల్లో ఐస్ బాక్సులో పెట్టారు ఆయన్ను. తల దగ్గర శ్లోకాల ప్లేయర్, ఫుల్ సౌండ్‌లో. ఆయనకు ఇష్టమని పెట్టారట. ఒకరి ఏడుపు ఒకరికి వినిపించడం లేదు.

అమ్మ దండం పెట్టుకుంది. కాసేపు ఆయన మొహంలోకి చూసింది. తర్వాత వంగి ప్లేయర్ ఆపేసింది.

అందరూ తలలు తిప్పారు.

"ఏంది చిన్నమ్మా?" అన్నాడు పెదనాయన పెద్దకొడుకు.

"కొంచేపు ఉండనీ నాయనా. బావను నెమ్మదిగా పండుకోనీ" అంది.

మళ్లీ ఎవరూ పెట్టలేదు.

అమ్మ అక్కడే గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని కూర్చుంది. ఆ ఇంట్లో కరెంటు ఉండగా అమ్మ అంత ప్రశాంతంగా కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది. నీ కోసం కాదు పెదనాయనా, అబద్ధం ఎందుకు.

పోయిరా. మాకు నువ్వు ఇయ్యకపోయినా, నీకు శాంతి దొరకాలి.