డ్రైవరన్న కోసం ఆగని బండి

పోయిన నెల ఒక ఉదయం, మా బండిలో వారానికి మూడుసార్లు హిందూపురం వెళ్లివచ్చే పేషెంటు ఒకాయన నాకు ఫోన్ చేశారు. ఆ రోజు రాలేనని చెప్పడానికేమో అనుకున్నాను.

"మన డ్రైవరన్న పోయినాడప్పా," అన్నారు. "వార్డులో నా పక్క బెడ్డే. సోమవారం రాలేదు, ఏందబ్బా అనుకొంటి. నిన్న నర్సమ్మ చెప్పింది."

"ఆయన బెడ్డు ఏంది? ఆసుపత్రికి ఆయనెందుకు వస్తాడు?" అని అడిగాను.

"ఆర్నెల్లుగా ఆయప్పకూ డయాలసిస్సే కదప్పా. నీకు చెప్పొద్దన్నాడు. చెప్తే ఓనరు సిగ్గుపడతాడు, యాల ఊరికే, అన్నాడు."

ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపు రాలేదు. ఈ సంగతి ఇంకా ఎవరెవరికి తెలుసో అన్న ఆలోచన వచ్చింది ముందు. ఈ నాలుగు మాటలు రాస్తున్నవాడు ఎలాంటి మనిషో మీకు మొదటే తెలియడం మంచిది.

నాకు పెనుకొండలో రెండు వ్యాన్లున్నాయి. అంబులెన్సులు కావు. సైరన్ ఉండదు, ప్రాణం మీదికి వచ్చినవాళ్లను ఎక్కించుకోం. లేచి బస్సెక్కలేనివాళ్లను ఇంటి దగ్గర ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకుపోయి, మళ్లీ ఇంటి దగ్గర దించుతాం. ధర్మవరంలో మొదలై, పెనుకొండ మీదుగా హిందూపురం. ఎక్కువమంది డయాలసిస్ పేషెంట్లే. మొదటి వ్యాను కొన్నప్పుడు దాన్ని నడపడానికి వచ్చినవాడు డ్రైవరన్న. నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. నన్ను "అప్పా" అనేవాడు, నేను "అన్నా" అనేవాణ్ణి.

ఆ పని ఎలా చేయాలో నేను ఆయన్ను చూసే నేర్చుకున్నాను. మా దారి ఉత్తరం నుంచి దక్షిణానికి. పొద్దున పోయేటప్పుడూ, మధ్యాహ్నం దాటి వచ్చేటప్పుడూ ఎండ బండికి ఎడమ పక్కనే కొడుతుందని ఆయన మొదటి వారంలోనే కనిపెట్టాడు. నీరసంగా ఉన్నవాళ్లను కుడివైపు కూర్చోబెట్టి, ఎడమ కిటికీలకు తువ్వాళ్లు కట్టేవాడు. స్పీడ్‌బ్రేకరు రాబోయే ముందు "వస్తాంది" అని ఒక్క మాట అనేవాడు. వెనక అందరూ సీటు పట్టుకునేవారు. లోపలి అద్దాన్ని రోడ్డు కాకుండా మనుషుల ముఖాలు కనిపించేలా తిప్పుకుంటే ఒకసారి కోప్పడ్డాను.

"రోడ్డు చూసేదానికి రెండు పక్కలా అద్దాలుండాయి కదప్పా," అన్నాడు. "వీళ్లను చూసేదానికి ఇదొక్కటే ఉండేది."

ఇక ఆ పాలసీ సంగతి చెప్పాలి. బండికి మామూలు ఇన్సూరెన్సు ఉంటే చాలదని, లయబిలిటీ పాలసీ కూడా ఉండాలని ఏజెంటు చెప్పాడు. మన చేతుల్లో ఉండగా, మన పొరపాటు వల్ల పేషెంటుకు దెబ్బ తగిలితే మనం ఇవ్వాల్సింది కంపెనీ ఇస్తుంది. ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు జరిగినా సరే. కానీ ఒక షరతు ఉంది. ప్రతి బండిలో డ్రైవరుతో పాటు అటెండరు ఉండాలి, చక్రాల కుర్చీని ఇద్దరూ కలిసే దించాలి. అలాగే చేస్తామని రాసి సంతకం పెట్టాను. రెండో వ్యాను కొన్నాక ఆ కాగితంలో బండ్ల సంఖ్య మార్చాను. రెండో అటెండరును మాత్రం పెట్టుకోలేదు. ఉన్న ఒక్కడినే ఈ బండికీ ఆ బండికీ తిప్పుతూ వచ్చాను.

మూడేళ్ల క్రితం ఒక మధ్యాహ్నం డ్రైవరన్న ధర్మవరం నుంచి ఫోన్ చేశాడు. మా పాత పేషెంటు, మగ్గం నేసే ఒక పెద్దమ్మ ఇంటి ముందు ఆగి ఉన్నాడు.

"అటెండరు ఇంగా రాలేదప్పా. పెద్దమ్మ శానా నీరసంగా ఉండాది. ఒక్కణ్ణే దించేదానికి కాదు."

"ఆయన్ను రెండో బండిలో పంపినానన్నా. అది బుక్కపట్నంలో ఉండాది, గంట పడతాది. పెద్దమ్మ ఎంత బరువుంటాది? నిదానంగా దించెయ్."

"కొడుకు కూడా ఇంట్లో లేడప్పా."

"దించన్నా. ఈడ ఇంకో ఇద్దరు కాచుకోని ఉండారు."

ఆయన దించాడు. బండి తలుపు దగ్గర దించడానికి వేసిన పలక మీది నుంచి కుర్చీ వెనక చక్రం జారింది. ఆయన తన మోకాలు అడ్డం పెట్టాడు కానీ పెద్దమ్మ పక్కకు పడిపోయింది. తుంటి ఎముక విరిగింది.

నేను పోయేసరికి ఆమె కొడుకు వచ్చి డ్రైవరన్న చొక్కా పట్టుకుని ఉన్నాడు. "తాగి బండి తోల్తాండావా?" అని అరుస్తున్నాడు. డ్రైవరన్న మోకాలి దగ్గర ప్యాంటు రక్తంతో తడిసి ఉంది. ఆయన నా వైపు ఒకసారి చూశాడు. నేను పెద్దమ్మ దగ్గరికి పోయి కూర్చున్నాను. ఆ కొడుకుతో ఏమీ అనలేదు.

ఒంటరిగా దించమన్నది నేనేనని తెలిస్తే కంపెనీ ఏమీ ఇవ్వదు. డ్రైవరు నా మాట వినకుండా చేసిన పొరపాటు అయితే ఇస్తుంది. ఈ తేడా నాకు ఆ రాత్రే బాగా అర్థమైంది. మరుసటి రోజు ఒక కాగితం రాసి డ్రైవరన్న ముందు పెట్టాను. అటెండరు వచ్చేదాకా ఆగమని ఓనరు చెప్పినా వినకుండా నేనే తొందరపడి దించాను, అని అందులో ఉంది. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"దీనికి సంతకం పెడితే పెద్దమ్మకు ఆపరేషన్ అవుతాదా?"

"అవుతాదన్నా."

"పెట్టకపోతే?"

నేను పెన్ను మూత తీసి ఆయన చేతికిచ్చాను. ఆయన నన్ను అడగడానికి ఇంకో దారి ఉంది. వ్యాను అమ్మి నేనే ఆపరేషన్ చేయించవచ్చు. ఆయన ఆ మాట అనలేదు. సంతకం పెట్టి పెన్ను నాకిచ్చాడు.

"ఒక్కటప్పా. నేను తాగుతానని వాళ్లు అనుకుంటాండారు. తప్పు చేసినాడని అనుకోనీ. తాగడు అని మాత్రం ఆ కొడుకుతో చెప్పు."

చెప్తానన్నాను. చెప్పలేదు. చెబితే మాటలో మాట పెరిగి అసలు సంగతి బయటికి వస్తుందేమోనని భయపడ్డాను.

పెద్దమ్మకు ఆపరేషన్ అయింది. పాలసీ కొనసాగాలంటే ఆ డ్రైవరు పేషెంట్ల పనిలో ఉండకూడదని కంపెనీ రాసింది. "ఒక సంవత్సరం ఆగన్నా, మళ్లీ పిలుస్తా," అన్నాను. ఆయన ఆ సంవత్సరం పట్టుగూళ్లు మోసే ఆటో నడిపాడు. సంవత్సరం దాటింది. కంపెనీకి ఒక ఉత్తరం రాసి అడిగితే ఒప్పుకునేదేమో. నేను రాయలేదు. రోజూ పొద్దున్నే ఆయన ముఖం చూడాలంటే నాకు కష్టం. నిజం అంతే.

ఆయన పోవడానికి నాలుగు నెలల ముందు పెనుకొండ బస్టాపులో కనిపించాడు. నేను కొత్త డ్రైవరు పక్కన కూర్చుని హిందూపురం పోతున్నాను. వెనక ఒక సీటు ఖాళీ. స్పీడ్‌బ్రేకరు దగ్గర బండి మెల్లగా దిగుతుంటే చూశాను. సగం మనిషయ్యాడు. చేతిలో సంచి, సంచిలోంచి ఆసుపత్రి ఫైలు అంచు. బండిని గుర్తుపట్టి చెయ్యి కొంచెం ఎత్తాడు. ఆ ఫైలు ఎవరిదో, ఎందుకో అని కూడా అనుకోకుండా నేను తల వంచి ఫోను చూసుకున్నాను. వెనక అంతా నిశ్శబ్దం. నిద్రపోతున్నారనుకున్నాను. ఎవరూ నిద్రపోలేదని ఇప్పుడు తెలుసు. వాళ్లందరూ ఇంకో గంటలో డయాలసిస్ వార్డులో ఆయన పక్క పక్కనే పడుకోబోతున్నారు.

చావు కబురు విన్న రోజు ఆయన ఇంటికి పోయాను. ఆయన భార్య చాప వేసి కూర్చోమంది. "నీ బండి మాటే చెప్తాండె అప్పా. ఎవురు యాడ కూసోవల్లనో మొన్నటిదాకా ఒప్పజెప్తాండె," అంది. నిజం చెబుదామని పోయినవాణ్ణి నీళ్లు తాగి లేచి వచ్చాను.

మూడో రోజు ధర్మవరం పోయాను. పెద్దమ్మ గోడ పట్టుకుని నడుస్తోంది, కొడుకు మగ్గం మీద ఉన్నాడు. ఇద్దరికీ మొదటి నుంచి చెప్పాను. ఫోనులో నేనన్న మాటలు, కాగితం, సంతకం. ఆయన జీవితంలో తాగలేదని కూడా చెప్పాను. మూడేళ్లు ఆలస్యంగా.

కొడుకు మగ్గం ఆపి తన చేతుల వైపు చూసుకున్నాడు. "తాగుబోతు అని బజారంతా చెప్పినానే," అన్నాడు.

పెద్దమ్మ మాత్రం ఆశ్చర్యపోలేదు. "నన్ను పట్టుకున్నది ఒక్క మనిషని నాకు తెలీదా అప్పా? ఫోనులో నిన్ను బతిమాలింది కూడా విన్నా."

"మరి అప్పుడే చెప్పలేదే పెద్దమ్మా?"

"నన్నెవురు అడిగినారు? వచ్చినారు, కాలు చూసినారు, కాగితాలు చూసుకోని పోయినారు. నువ్వూ అడగలేదు."

ఆ సాయంత్రమే కంపెనీకి ఉన్నది ఉన్నట్టు రాశాను. "ఎవురైనా ఇట్ల రాస్తారా? పాలసీ పోతాది, బండ్లు నిలిచిపోతాయి," అన్నాడు ఏజెంటు. ఇంకా జవాబు రాలేదు. వచ్చేది ఏదైనా నా మీదికే రావాలని, పెద్దమ్మ జోలికి పోవద్దని కూడా అందులో రాశాను. ఇప్పుడు రెండు బండ్లలోనూ అటెండర్లు ఉన్నారు. ఇది చెప్పుకోవలసిన గొప్ప కాదు, మొదటి రోజే ఉండవలసిన సంగతి.

పోయిన వారం డయాలసిస్ అయి తిరిగి వస్తూ పెద్దమ్మ పెనుకొండలో ఆపమంది. డ్రైవరన్న ఇంటికి తీసుకుపొమ్మంది. ఆ రోజు బండిలో ఆమె కొడుకూ, నేనూ ఉన్నాం. డ్రైవరూ అటెండరూ కలిసి కుర్చీని దించి గడప దాటించారు. ఆమె కొడుకు చెప్పులు విప్పి లోపలికి పోయి, తను ఎవరో, ఏం చేశాడో డ్రైవరన్న భార్యకు చెప్పాడు. నేను వాకిట్లో నిలబడి, చెప్పాల్సిందంతా అక్కడి నుంచే చెప్పాను. ఆమె విన్నది. నా వైపు చూడలేదు, పొమ్మనలేదు, లోపలికి రమ్మని కూడా అనలేదు.

ఎండ ముఖాన కొడుతోంది. లోపల పెద్దమ్మ ముందుకు వంగి, డ్రైవరన్న భార్య చీర చెంగును రెండు వేళ్ల మధ్య పట్టుకుంది. నేతపని వాళ్లు బట్టను తడిమి చూసినట్టు, వెలిసిపోయిన ఆ అంచు మీద వేలు మెల్లగా పోనిస్తూ కూర్చుంది. ఆమె చెంగును వెనక్కి తీసుకోలేదు. ఇద్దరూ చాలాసేపు అలాగే ఉన్నారు.