మూడు సిస్టంలు మింగిన మిలిటరీ లారీ

బుద్ధిమంతులు పొలం కొంటారు, లేదా పాలిచ్చే బర్రెను కొంటారు. నేను సైన్యంలో రిటైరైన లారీని కొన్నాను. దానికి పెట్రోలు ఎలా అందించాలా అని ఆరు నెలలు పరిశోధించి, చివరికి కొండగట్టు ఘాట్ రోడ్డు మలుపులో నా పరువును ఎలా నిలబెట్టుకున్నానో, అంటే కదలకుండా ఎలా నిలబెట్టానో, వినండి. నవ్వుకోండి, కానీ మా ఆవిడంత గట్టిగా వద్దు.

నాకు జగిత్యాలలో ఫోటో స్టూడియో ఉంది. గోదావరి ఇసుకలో, గుట్టల మీద లారీ నడపాలని నా కోరిక. వాకిట్లో దాన్ని చూడగానే మా ఆవిడ సుజాత తీర్పు చెప్పేసింది.

"కొండగట్టు ఎక్కి ఆంజనేయస్వామి గుడిల పూజ చేయించుకొని రావాలె. మూడుసార్లు చూస్త. ఎక్కకపోతే సిరిసిల్ల మల్లేశానికి తుక్కు కింద ఇచ్చేస్త!"

మొదటిసారి బయలుదేరే ముందు ఇంటి దగ్గరే కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాను. బండికి కడుపంటే ట్యాంకే కదా అని, దాని మూతకు పసుపు ముద్ద దండిగా మెత్తాను. ఊరు దాటాక లారీ నాలుగుసార్లు దగ్గి ఆగిపోయింది. గంట తర్వాత ఏమీ ఎరగనట్టు స్టార్టయి, ఇంటికి తీసుకొచ్చింది.

కోరుట్ల నుంచి మెకానిక్ ఖాదర్ భాయ్ వచ్చాడు.

"కార్బురేటర్ ఖరాబయిందా భాయ్?"

"సాఫ్‌గనే ఉన్నది సాబ్. గాని గుట్ట మీద బండి వంగితే దాంట్ల పెట్రోలు ఒక దిక్కు పోతది. కరెంటు పంపు పెడదామా?"

"పెడితే ఏమైతది?"

"ట్యాంకు నుంచి పెట్రోలు గుంజి గుంజి ఇస్తది."

పెట్టించాను. కొత్త సామాను కదా, మళ్లీ పూజ, మళ్లీ పసుపు. లారీ మళ్లీ ఆగింది.

ఇక నాకు తిండి సహించలేదు. చుక్క పెట్రోలు ట్యాంకు నుంచి ఇంజను దాకా ఎలా వెళ్తుందో ఫోన్లో వీడియోలు చూసి చూసి, పెళ్లి ఫోటోల్లో పెళ్లికొడుకు తల కోసేశాను.

"ఇంజెక్షన్ పెడదాం భాయ్! ఇంజన్లకు పెట్రోలును లెక్కగా చల్లుతదంట!"

"వైర్లుంటయ్ సాబ్. ఇసుకల ఆగితే ఎవలు చూస్తరు?"

"నువ్వు లేవా?"

"నేను కోరుట్లల ఉంట సాబ్, ఇసుకల గాదు."

అయినా పెట్టించాను. ఇదే ఆఖరి అవకాశం కనుక పసుపు రెండింతలు మెత్తాను. పక్కన సుజాత, ఆ పక్కన ఖాదర్ భాయ్. వెనక ట్రాలీ ఆటోలో మల్లేశం, కళ్లతోనే ఇనుము తూకం వేస్తూ వస్తున్నాడు. మల్యాల దాటేసరికి నా ఛాతీ ఉబ్బింది. ఘాట్ రోడ్డు రెండో మలుపులో లారీ దగ్గి ఆగేసరికి ఆ ఉబ్బు కాస్తా దిగిపోయింది.

"అన్నా, తాళ్లు తెచ్చిన. గుంజుకపోదామా?" అన్నాడు మల్లేశం ఎంతో ప్రేమగా.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ఏడుపొచ్చింది. దాని బోల్టు బోల్టుతోనూ నాకు చనువు మరి.

"అసలు పెట్రోలన్న ఉన్నదా ఏందయ్యా?" అంటూ సుజాత దిగి ట్యాంకు మూత తిప్పింది.

బుస్స్!

పామనుకుని మల్లేశం ఎగిరి గంతేశాడు. నేను స్టార్ట్ చేస్తే లారీ ఒక్కసారికే గర్జించింది. ఖాదర్ భాయ్ మూత తీసుకుని గోటితో గీకాడు.

"సాబ్, గీ సన్న తొర్ర చూసినవా? పెట్రోలు పోయినకొద్ది గీడికెల్లి గాలి లోపటికి రావాలె. గాలి రాకుంటే ఏ పంపు గుంజినా పెట్రోలు రాదు. దీన్ని మూసిందెవలు?"

అందరూ నా పచ్చటి వేళ్ల వైపు చూశారు.

"మరి... ఏ సిస్టం మంచిది భాయ్?"

"మూడూ మంచియే సాబ్. ఖరాబయింది..." అని, మర్యాదస్థుడు కనుక అక్కడితో ఆపేశాడు.

కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్లుంటారు. నేను కొండెక్కి పసుపు ముద్దను పట్టాను. మల్లేశం తాళ్లు చుట్టుకుని, దండం పెట్టి, సిరిసిల్ల దారి పట్టాడు.

పైన గుడి దగ్గర అయ్యగారు పసుపు గిన్నెతో లారీ చుట్టూ తిరుగుతూ ట్యాంకు దగ్గరికి రాగానే సుజాత చేతులు చాచి అడ్డం నిలబడింది.

"అయ్యగారూ, ఈడ వద్దు! మా ఆయన నెత్తికి ఎంతన్న పెట్టుండ్రి. ఆడ గాలి ఆడుడు ఎప్పుడో బందయింది."

ఆంజనేయస్వామి సాక్షిగా అప్పుడే ఒట్టు పెట్టాను: ఈ జన్మలో ఏ బండికైనా నా పసుపు చక్రాలకే. ట్యాంకు మూతకు దండం మాత్రమే, అదీ చేతులు కడుక్కున్నాకే.