ఎండకు పొంగే ఏరు

కాపెల్ ఊరి తెలుగువాళ్ళలో వీరాంజనేయులు ముందు ఎవరూ నది మాట ఎత్తరు. ఎత్తితే భోజనం చల్లారిపోతుంది. "మేం గోదావరి వాళ్ళం" అని మొదలుపెడతాడు. మిసిసిపీని పంటకాలువ అంటాడు. కొలరాడో పేరు వింటే జాలిపడతాడు. పాతికేళ్ళుగా ఆయన ఉద్యోగం సాఫ్ట్‌వేర్. అసలు పని నదులకు మార్కులు వేయడం.

ఈ జులైలో భార్య సుమతిని, కూతురు నైనికని తీసుకుని అలాస్కా వెళ్ళాడు. అక్కడ హిమానీనదం కరిగి దిగిన ఏరు గులకరాళ్ళ మైదానంలో పది పాయలుగా చీలి పారుతోంది. నీళ్ళు బూడిద రంగు. మంచు జారుతూ కొండను అరగదీస్తే వచ్చిన రాతిపిండి అది.

"కుడితిలా ఉంది," అంది సుమతి.

"తీర్థాన్ని పట్టుకుని కుడితి అంటావా?" అని రాగిచెంబు తీశాడు. పాయల నడుమ ఉన్న రాళ్ళ దిబ్బ మీద నిలబడి చెంబు నింపుతూ వీడియో తీసుకోవాలి. కాపెల్ వాట్సాప్ గ్రూపులో పెట్టాలి.

ఒడ్డున బోర్డు ఉంది. నైనిక చదివింది.

"డాడీ, మార్నింగే క్రాస్ చేసి నూన్‌కి బ్యాక్ వచ్చేయాలంట. ఎండకి వాటర్ పెరుగుతుందంట."

"ఎండకి ఏరు ఎండుతుందే గాని పెరుగుతుందా? మాటలోనే ఉంది కదమ్మా."

మోకాలి లోతు పాయలో పదింటికి దాటాడు. వీడియో పన్నెండుసార్లు తీశాడు. పదమూడోది నచ్చింది. పులిహోర తిన్నాడు. మబ్బు తునక లేదు. చెంబు పక్కన పెట్టుకుని ఒరిగాడు.

మూడింటికి లేచేసరికి తాను దాటిన పాయ లేదు. దాని చోట నది ఉంది. అడుగున రాళ్ళు దొర్లుతూ ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి. కాలు పెట్టాడు. నీళ్ళు కాలిని లాక్కున్నాయి. వెనక్కి పడ్డాడు.

"ఏవండీ, ఈదేయండి!" అవతలి నుంచి సుమతి అరిచింది.

"ఈత రాదే!"

"గోదావరి వాళ్ళమన్నారుగా!"

వీరాంజనేయులు రెండు చేతులూ నోటి చుట్టూ దొప్పలా పట్టాడు.

"రేవులో మూడు మెట్లేనే! నాలుగో మెట్టు దిగబోతే మా అమ్మ మొలతాడు పట్టి లాగేసేది!"

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళకు ఈ సంగతి ఏరు దాటి వచ్చింది. ఆయన రాలేకపోయాడు.

నైనిక పరిగెత్తి పార్కు రేంజరమ్మను పిలుచుకొచ్చింది. అప్పటికి దిబ్బ నవారు మంచమంత మిగిలింది. తాడు కట్టిన రబ్బరు పడవ వెళ్ళింది. చెంబును చంటిబిడ్డలా పొదువుకుని ఎక్కాడు.

ఒడ్డున రేంజరమ్మ ఫారం తీసింది. పేరు అడిగింది. ఊరు అడిగింది. నదులతో అనుభవం ఉందా అని అడిగింది.

సుమతి కొండల వైపు చూసింది. నైనిక బూట్ల లేసులు కట్టుకుంది, కట్టిన లేసులే.

వీరాంజనేయులు చెంబులోకి చూశాడు. పైన నీళ్ళు తేరుకున్నాయి. అడుగున వేలెడు మందం మడ్డి.

"త్రీ స్టెప్స్," అన్నాడు.

రేంజరమ్మకు అర్థం కాలేదు. అయినా రాసుకుంది.