తప్పులు వెతికే మా తోడికోడలు

పోయిన గురువారం పొద్దున మా తోడికోడలు పోయింది. గుండె ఆగిందన్నారు. పరామర్శకు వచ్చినవాళ్ళంతా ఇంటికి పెద్దదాన్నని నా చేతులే పట్టుకున్నారు. నాకంటే పదేళ్ళు చిన్నది వెళ్ళిపోతే, మోకాళ్ళ నొప్పులూ బీపీ అన్నీ ఉన్న నేను కుర్చీలో కూర్చుని ఆ ఓదార్పులు అందుకోవడం సిగ్గుగా ఉంది. ఈ నాలుగు ముక్కలు రాయడమూ అంతే.

పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల్లో ట్యాంకులను నడిపే కంట్రోలర్లు తయారుచేసే చిన్న కంపెనీలో ఆమెది టెస్టింగు పని. తప్పులు వెతకడానికి జీతమా, మా అత్తగారు ఊరికే చేసేది కదా అని నేనంటే, "అత్తమ్మ మనుషులల్ల ఎతికేది అక్కా. నేను ప్రోగ్రాములల్ల ఎతుకుత" అనేది.

కాలేజీలో ఫిజిక్స్ చెప్పినదాన్నే అయినా ఆ పని నాకు అర్థమైంది వంటింట్లోనే. కంట్రోలర్ ప్రోగ్రాములో ఇంకో చిన్న భాష ఇమిడి ఉంటుంది. ట్యాంకులో ఏది ఎంత పోయాలో, ఎప్పుడు కలపాలో ఫ్యాక్టరీవాళ్ళు ఆ భాషలో రాసుకుంటారు. అలా రాసిన స్క్రిప్టులు కొన్ని ఒకేసారి నడుస్తూ, ట్యాంకులో ఏది ఎంత పడిందన్న ఒకే లెక్కను అన్నీ చదువుతాయి, మారుస్తాయి. ఒకదాని పనిని ఇంకొకటి చెడగొడుతోందా అన్నది ఆమె చూడాలి.

"నువ్వు పప్పు రుచి చూసి ఉప్పు లేదంటవు. నేనూ చూసి లేదంట. ఇద్దరం వేస్తం. ఎవరి తప్పూ లేదు, పప్పు మాత్రం నోట్లె పెట్టరాదు" అంది. మా ఇంట్లో అది ఉదాహరణ కాదు, చరిత్ర.

పరీక్ష పాసైందని మెచ్చుకుంటే ముఖం చిట్లించేది. "పాసైందంటే తప్పు లేదని కాదక్కా, నాకింక దొరకలేదని."

ఒకసారి అదే జరిగింది. జిన్నారం వైపు ఒక ఫ్యాక్టరీకి పంపిన కంట్రోలర్ బాగుందని సంతకం చేసింది ఆమే. అది బిగించి నడపడం మొదలుపెట్టాక తెలిసింది, తప్పు తన పరీక్షలోనే ఉందని. ఏం జరుగుతోందో చూసుకోవడానికి అడుగడుక్కీ తెర మీద ఒక లైను రాయించేది. ఆ రాత కోసం స్క్రిప్టులు ఇన్‌స్పెక్షన్ రోజు పిల్లల్లా ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా ఆగేవి. రాత తీసేసి చూస్తే తోసుకున్నాయి, లెక్క తప్పింది.

తర్వాతి వర్షన్‌లో చడీచప్పుడు లేకుండా సరిచేద్దామన్నాడట మేనేజరు. అప్పటిదాకా ఆ మందు ఎవరు మింగాలని ఈమె అడిగిందట. మర్నాడు ఆటో మాట్లాడుకుని నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, జెర నాతోని రా."

"నేనొచ్చి ఏం చెయ్యాలె?"

"ఏం చెయ్యకు. ఒక్కదాన్నే పోతే గేటు కాడికెల్లే మళ్ళొస్తనేమో."

వెళ్ళాను. ఆ ఫ్యాక్టరీ పెద్దాయన అరవలేదు, అరిచినా బాగుండేది. బాగుందని సంతకం పెట్టిందెవరని మెల్లగా అడిగాడు.

"నేనే సార్. అందుకే నేనే వచ్చిన."

ఏళ్ళ తరబడి పిల్లల్ని నిలబెట్టి కడిగేసినదాన్ని, ఆ గదిలో నేను తల ఎత్తలేకపోయాను. ఆయన ట్యాంకులు ఆపించాడు. ఆ ఏడు ఆమెకు రావలసిన టీం లీడరు కుర్చీ ఇంకొకరికి పోయింది.

ఆ మధ్యాహ్నం ఇంకా నా కళ్ళ ముందే ఉంది. ఆగిన ట్యాంకుల పక్కన స్టూలు మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. పనివాళ్ళు గోడవారగా నిలబడి చూస్తున్నారు. ఈసారి ఆ రాత లేకుండానే పరీక్ష నడుస్తోంది, తెర మీద ఒక్క అక్షరం లేదు. పెళ్ళినాడు తప్ప ఎన్నడూ తల మీద వేసుకోని కొంగును కళ్ళ దాకా లాక్కుని, ఆమె ఆ ఖాళీ తెరనే చూస్తోంది.