నాలుగంగుళాల బెజ్జాలు

అక్క వాళ్ళ పెరటి గోడ నేను కట్టలేదు, గీశాను. గోడ ఉన్నది విజయనగరం జిల్లాలో, సముద్రం ఒడ్డున, ఒక ఇసకదిబ్బ మీద. నేను గీసింది భిలాయిలో, మా ఇంటి వెనక వరండాలో. రెండింటికీ మధ్య ఒక రాత్రి రైలు ప్రయాణం. జరిగినదానికి ఆ దూరమే కారణమని చాలా రోజులు అనుకున్నాను.

అక్క అక్కడి బడిలో టీచరు. బావ హార్బర్లో పనిచేస్తాడు, వారానికోసారి ఇంటికొస్తాడు. ఇల్లు దిబ్బ మీద ఉంటుంది, పెరడు వెనక్కి వాలి ఉంటుంది. వాలు చివర, మనిషెత్తు దిగువన, ఎండుచేపలు అమ్ముకునే ఒక పెద్దావిడ రేకుల ఇల్లు, పక్కనే ఆవిడ మేకల పాక. వాన పడ్డప్పుడల్లా అక్క పెరట్లో ఇసక జారి ఆవిడ వంటగుమ్మంలోకి చేరేది. ఆవిడ చేటతో ఎత్తి పైకి విసిరేసేది.

"ఓలమ్మా టీచరమ్మా, నీ పెరడు మాయింటికొచ్చేసింది, వొచ్చి తీసుకెల్లిపో!" అని కేకేసేదట.

అక్క నవ్వేది. రెండు వానాకాలాలు నవ్వి, జామచెట్టు వేళ్ళు బయటపడ్డాక నాకు ఫోన్ చేసింది.

"ఒరే, ఇంజినీరువి కదా, గోడొకటి చెప్పరా. కింద పెద్దమ్మ ఇంట్లో ఇసక పడకూడదు, నా వరండా దిగిపోకూడదు. బస్, ఇంతే."

ఇద్దరం భిలాయిలో పుట్టి పెరిగినవాళ్ళం. పెళ్ళయి ఎనిమిదేళ్ళుగా సముద్రం పక్కన ఉంటున్నా, నాతో మాట్లాడేటప్పుడు అక్క ఇంకా భిలాయి ఖుర్సీపార్ బజార్లో నిలబడ్డట్టే మాట్లాడుతుంది.

నేను భిలాయి పక్కన కుమ్హారి దగ్గర ఒక కాంట్రాక్టరు కింద సైట్ ఇంజినీరుగా చేస్తున్నాను. అప్పటికి అక్కడ ఇలాంటి గోడలు రెండు కట్టించాను. అక్కడిది నల్లరేగడి. వాన నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది, ఒక పట్టాన వదలదు. ఆ నీళ్ళు గోడ వెనక నిలిచి గోడని ముందుకి తోస్తాయి. అందుకని గోడలో బెజ్జాలు వదులుతాం. బంకమట్టి వాటిని పూడ్చేస్తుంది కాబట్టి పెద్దవి పెడతాం, వెనక లావు కంకర పోస్తాం. నాకు గోడలు నేర్పిన నేల అది. బెజ్జం ఎంత పెద్దదైతే అంత మంచిదని నేర్పింది.

వేసవి సెలవులకి వచ్చినప్పుడు అక్క వాళ్ళ పెరటి ఇసక ఒక ఊరగాయ సీసాలో తెచ్చింది. దాన్ని ఎండబెట్టి, పేపరు మీద సన్నగా కుప్ప పోసి, కుప్ప ఎంత వాలు దగ్గర నిలుస్తుందో కోణమానినితో కొలిచాను. ఐదుసార్లు పోసి సగటు తీశాను. నాన్న టీ గ్లాసుతో వచ్చి నిలబడ్డాడు. ఉక్కు ప్లాంటులో ముప్పై ఏళ్ళు ఫర్నేసు దగ్గర పనిచేసి రిటైరైన మనిషి.

"ఏటిరా, రంగోలీ వేస్తన్నావేటి?"

"టెస్టు నాన్నా."

"ఎండిన ఇసకకే టెస్టా?"

సగటు సరిచూసుకోడానికి ఆరోసారి పోశాను.

నోట్‌బుక్కులో ఇలా రాసుకున్నాను. రాతి గోడ, పొడవు నలభై అడుగులు. నేల పైన ఎత్తు ఐదు, పునాది లోతు మూడు. అడుగున వెడల్పు మూడున్నర, పైన ఒకటిన్నర. ఐదడుగులకొకటి చొప్పున ఎనిమిది బెజ్జాలు, నాలుగంగుళాల గొట్టం, వెనక లావు కంకర. తర్వాత మూడు ప్రశ్నలు: గోడ బోర్లా పడుతుందా, ముందుకి జారుతుందా, నేలలోకి కుంగుతుందా? మూడింటికీ లెక్క కట్టి 'పడదు, జారదు, కుంగదు' అని రాశాను. నాలుగో ప్రశ్న: గోడ వెనక నీళ్ళు నిలిస్తే? దాని ఎదురుగా 'వర్తించదు, బెజ్జాలున్నాయి' అని రాశాను. ఆ పేజీ ఇంకా నా దగ్గరుంది.

అక్క వాళ్ళ ఊరి తాపీమేస్త్రీకి అరవై ఏళ్ళుంటాయి. డ్రాయింగంతా చూశాక వీడియో కాల్లో నాతో మాట్లాడాడు.

"పునాది బాగా సెప్పేవు బావూ. మావోల్లైతే రెండడుగులకే ఆపేత్తారు. గానీ ఈ బెజ్జాలేటి, పిల్లి దూరిపోద్ది?"

"నీళ్ళు పోవాలి కదండీ."

"నీల్లు పోతాయి. ఆటెనకాల ఇసకా పోద్ది. మేం సిన్న బెజ్జం ఎట్టి, ఎనకాల కొబ్బరిపీసు జానెడు మందాన కూరతాం. నీల్లనొగ్గుద్ది, ఇసకనొగ్గదు."

"పీచు కుళ్ళిపోతుంది కదా మేస్త్రీ గారూ."

"కుల్లుద్ది. ఐదారేల్లకి. తవ్వి మల్లీ ఎడతాం."

ఐదారేళ్ళకోసారి తవ్వుకునేది గోడ ఎలా అవుతుందనిపించింది నాకు. నేను గీసింది నలభై ఏళ్ళు ఉండాల్సిన గోడ. ఇసకకీ కంకరకీ మధ్య వడపోత గుడ్డ పరవాలని మా పుస్తకంలో ఒక పేరా ఉంది. పరీక్షకి చదివాను కూడా. కుమ్హారి నేల ఒక్కసారీ ఆ గుడ్డ అడగలేదు, నాకూ గుర్తు రాలేదు.

"డ్రాయింగులో ఉన్నట్టే కట్టండి," అన్నాను.

ఆయన పక్కనున్న అక్క వైపు చూశాడు. తమ్ముడి చదువు మీద నమ్మకంతో అక్క తల ఊపింది.

"అలాగే బావూ. నీ గోడ, నీ ఇట్టం."

గోడ వేసవిలోనే లేచింది. అక్క పంపిన ఫోటోలు సైట్లో అందరికీ చూపించాను.

వానాకాలం మధ్యలో ఒక ఆదివారం అక్కడ అల్పపీడనం. ఇక్కడ మాత్రం కళ్ళు చెదిరే ఎండ. నాన్న వరండా మెట్ల మీద మినప్పప్పు ఎండబోశాడు. మధ్యాహ్నం రెండింటికి అక్క వీడియో కాల్ చేసింది. తెర మీద ముందు గొడుగు అంచు కనిపించింది, తర్వాత దిగువ నుంచి గోడ. ఎనిమిది గొట్టాల్లోంచీ నీళ్ళతో పాటు ఇసక పడుతోంది, పిండిమర మూతి నుంచి పిండి పడ్డట్టు ఆగకుండా.

నాన్న నా భుజం మీంచి తొంగి చూశాడు.

"గోడ కట్టించేవా, జల్లెడ కట్టించేవా?"

అక్క పైకెళ్ళి పెరడు చూపించింది. గోడ వెనక నేల పొడవునా కుంగిపోయింది. ఆ గుంట వరండా మూల దాకా వచ్చేసింది. మూలస్తంభం కింద ఇటుకలు కనిపిస్తున్నాయి. అది చూశాక నాన్న మళ్ళీ హాస్యమాడలేదు.

"ఏం చెయ్యనురా? జల్దీ చెప్పు! గుడ్డలు కుక్కేయనా?"

ఆరుసార్లు ఇసక పోసి కొలిచినవాణ్ణి, ఆ ప్రశ్నకి ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"కుక్కేయ్. అన్నీ మూసేయ్," అన్నాను.

అక్క కిందికి పరిగెత్తింది. పెద్దావిడ పాత చీరలు చింపి తెచ్చింది. ఫోనుని ఎక్కడో గట్టు మీద ఆనించి పెట్టినట్టున్నారు, గోడ ఒరిగినట్టు కనిపిస్తోంది.

"ఓ ఇంజినీరు బావూ! మా సీరలన్నీ నీ గోడకే కట్టబెట్టేలాగున్నావు!" అంది పెద్దావిడ ఫోన్లోకి చూస్తూ.

మొదటి గొట్టం మూసుకుంది. రెండోది. మూడోది. ఇసక ఆగుతోందని నేనూ ఊపిరి పీల్చుకున్నాను. ఐదోది మూస్తుండగా నోట్‌బుక్కులో నాలుగో ప్రశ్న గుర్తొచ్చింది. ఇసక ఆగితే నీళ్ళూ ఆగుతాయి. గోడ వెనక నీళ్ళు నిలవవన్న నమ్మకం మీదే మిగతా మూడు లెక్కలూ వేశాను.

"అక్కా, వద్దు! తీసేయ్, అన్నీ తీసేయ్!"

బొమ్మ ఆగిపోయింది. పెద్దావిడ చెయ్యి మణికట్టు దాకా గొట్టంలో ఉంది, ముఖం మా వైపు తిరిగి నవ్వుతోంది. కొంతసేపు అలాగే ఉండి తెర నల్లబడింది.

మళ్ళీ చేశాను. కలవలేదు. బావకి చేశాను, షిఫ్టులో ఉన్నాడు, ఎత్తలేదు. మేస్త్రీకి చేద్దామంటే నా దగ్గర నంబరు లేదు. గోడ కోసం రాసుకున్న జాబితాలో రాళ్ళ కొలతలున్నాయి, సిమెంటు పాళ్ళున్నాయి, గొట్టం మందం కూడా ఉంది. ఆయన నంబరు లేదు. ఎప్పుడూ అక్క ఫోన్లోనే మాట్లాడాను.

నోట్‌బుక్కు తీసి, వర్తించదని రాసిన లెక్క అప్పుడు వేశాను. వెనక నీళ్ళు మూడడుగులు చేరితే గోడ నిలుస్తుంది. నాలుగైతే చెప్పలేను. ఐదైతే పడుతుంది. పడితే ఎటు పడుతుందో లెక్క వేయనక్కర్లేదు. దిగువన పెద్దావిడ ఉంది, ఆవిడ పక్కన అక్క ఉంది. నేను మూయమన్నానని మూస్తున్నారు.

"రైలుందా?" అన్నాడు నాన్న.

"సాయంత్రం ఉంది. ఎక్కితే రేపు పొద్దున్నకి చేరతాను."

రేపు పొద్దున్నకి ఏదో ఒకటి అయిపోయి ఉంటుంది.

అక్క వాళ్ళ పక్క ఊరి మనిషికి ఖుర్సీపార్‌లో కిరాణా కొట్టుంది. నాన్నా నేనూ స్కూటరు మీద అక్కడికెళ్ళాం. ఆ ఊళ్ళోనే ఉన్న వాళ్ళన్నయ్యకి చేస్తే ఆయన పరిగెత్తుకెళ్ళి చెప్పొచ్చని నాన్న ఆలోచన. కొట్టాయన మూడుసార్లు చేశాడు.

"ఆ పక్కంతా టవర్ పోయినట్టుందండీ. మా అన్న ఫోనూ కలవట్లేదు. బైఠియే, టీ తాగండి."

టీ తాగాం. ఇంకేమీ చెయ్యడానికి లేదు కాబట్టి గ్లాసు చల్లారేదాకా పట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా రోడ్డు మీద ఎండకి తారు మెరుస్తోంది. ఎవరో ఎక్కణ్ణుంచో వచ్చి ఆ గుడ్డలు పీకేయాలని కోరుకున్నాను. నా మాట ఎవరూ వినకూడదని కోరుకోవడం నాకు అదే మొదటిసారి.

ఐదున్నరకి తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. అక్క.

"గోడుందా?" అన్నాను. అడగవలసింది అది కాదు. కానీ నోట్లోంచి అదే వచ్చింది.

"ఉంది. మేమూ ఉన్నాం, అడగవేటి?"

"పెద్దావిడ?"

"బడిలో ఉంది, మేకలతో సహా. నిన్ను తిడతంది."

మేస్త్రీ ఎవరూ పిలవకుండానే వచ్చాడట. పెద్ద వాన పడితే ఆ ఏడాది కట్టిన గోడలన్నీ తిరిగి చూసుకోవడం ఆయన అలవాటు. అప్పటికి ఎనిమిదీ మూసేశారు. వస్తూనే పెద్దావిణ్ణీ మేకల్నీ పైకి తరిమి, పక్కగా నిలబడి గునపంతో గుడ్డలు ఒక్కొక్కటే లాగాడు. మొదటి గొట్టంలోంచి వచ్చిన నీళ్ళ ధార ఎదురుగా ఉన్న మేకల పాక తడికని పడగొట్టింది. నీళ్ళతో పాటు ఇసకా పోయింది. వరండా మూలస్తంభం కుంగి, పైకప్పు పలక రెండుగా చీలింది.

"మా తమ్ముడు మూయమన్నాడండీ అన్నాను," అంది అక్క. "'మీ తమ్ముణ్ణి భిలాయిలో ఆడి బెజ్జాలు మూసుకోమను' అన్నాడు."

"తీసేయమని చెప్పాను అక్కా. చివర్లో."

"వినపడలేదురా," అంది అక్క. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

ఆ వారం సీసాలో మిగిలిన ఇసక తీశాను. గరాటులో లావు కంకర వేసి, పైన ఇసక పోసి, మగ్గుతో నీళ్ళు పోశాను. మొత్తం ఇసక కిందికి దిగిపోయింది. గరాటులో శుభ్రంగా కడిగిన కంకర మిగిలింది. ఈ టెస్టుకి కోణమానిని అక్కర్లేదు. నాన్న చూసి లోపలికెళ్ళిపోయాడు.

వడపోత గుడ్డ రాయపూర్‌లో వెతికి కొని, చుట్ట కట్టి పార్సిల్ పంపాను. అది చేరేసరికి మేస్త్రీ గోడ వెనక తవ్వించి, నా గొట్టాల్లో సన్న గొట్టాలు దూర్చి, కొబ్బరిపీచు కూరి, ఇసక కప్పేశాడు. మళ్ళీ తవ్వమని అడిగే ముఖం నాకు లేదు. గుడ్డ పెద్దావిడ మేకల పాక మీద పరిచారు. మేకల మీద ఎండ పడడం లేదని ఆవిడ మెచ్చుకుందట.

వరండా మూల ఇప్పటికీ చీలే ఉంది. అక్క కుర్చీ ఇవతలికి జరుపుకుంది. పీచు మళ్ళీ ఎప్పుడు మార్చాలో నోట్‌బుక్కులో రాసి పెట్టాను, పక్కన మేస్త్రీ నంబరు. కానీ అప్పటికి ఆయనకి గునపం పట్టే ఓపిక ఉంటుందో లేదో రాయడానికి గడి లేదు.

అక్కడ వాన అని తెలిస్తే చాలు, ఫోన్ చేస్తాను. అక్క విసుక్కుంటూనే గొడుగేసుకుని దిగువకి వెళ్ళి, ఫోను గొట్టం దగ్గర పెడుతుంది.

"నీళ్ళు తేటగా వస్తున్నాయా?" అంటాను.

"నువ్వే చూసుకో."

చూస్తాను. మబ్బు వెలుగులో, తడిసిన కెమెరాలోంచి, నీళ్ళు బూడిద రంగులో కనిపిస్తాయి. అది ఆకాశం రంగో, ఇసక రంగో ఇక్కణ్ణుంచి తెలియదు.