మారు అన్నం

మేము కూరలు అమ్మేవాళ్లం. అన్నం అమ్మేవాళ్లం కాదు. ఈ రెండింటికీ తేడా ఏమిటో అమీర్‌పేటలో మా గుమ్మం ముందు నుంచి పోయే జనానికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. నేను మాత్రం కొన్నేళ్లపాటు ఆ తేడాను పట్టుకునే తలెత్తుకుని తిరిగాను.

గోదావరి జిల్లాలో మా తాతగారి ఇంట్లో పొయ్యి ఆరేది కాదని చెప్పుకునేవారు. కోర్టు పని మీద వచ్చినవాళ్లు, చదువుకునే పిల్లలు, దారి తప్పినవాళ్లు, ఎవరొచ్చినా ముందు విస్తరి వేసేవారు. ఊరూ పేరూ అడిగేది భోజనం అయ్యాకే. నాకు ఊహ తెలిసేసరికి ఆ పంక్తులు పోయాయి. దాయాదుల వ్యాజ్యాల్లో పొలాలు పోయాయి. నాకు పెళ్లీడు వచ్చేనాటికి ఇల్లూ పోయింది. మిగిలినవి రెండు మాటలు. అన్నం అమ్మకూడదు. అన్నం ఒక్కసారి పెట్టి ఊరుకోకూడదు. అన్నం వడ్డించే గరిటెను మేము హస్తం అంటాం. ఒక హస్తం పెట్టాక, తినే మనిషి చాలన్నా సరే, నాలుగు మెతుకులైనా మళ్లీ వెయ్యాలి. దాన్నే మారు అంటాం. మారు వెయ్యకపోతే తిన్నది చాల్లే, ఇక లేవమన్నట్టని మా నాయనమ్మ అనేది.

ఆ ఇంటి మనుమరాలిని నేను. కూరలు వండి ప్లాస్టిక్ కవర్లలో కట్టి అమ్మాను.

మా వారు పంజగుట్టలో ఒక ఫర్నిచర్ షోరూంలో పనిచేసేవారు. రోజంతా నిలబడి సోఫాలు చూపించే ఉద్యోగం. కూర్చునే వస్తువులు అమ్మే మనిషికి కూర్చునే వీలు లేదు. ఆ జీతంతో హైదరాబాదులో బతకడం కష్టమైనప్పుడు, మేము అద్దెకుండే పోర్షన్‌లో వీధి వైపు గదికి షట్టరు పెట్టించి కర్రీ పాయింట్ మొదలుపెట్టాం. మైత్రీవనం చుట్టుపక్కల సందులన్నీ అప్పుడు కోర్సులు నేర్చుకునే కుర్రాళ్లతో నిండి ఉండేవి. కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద కోర్సుల పేర్లు మారిపోతుండేవి; ఒకటి చదవడం అలవాటయ్యేలోపు దాని మీద ఇంకో పేరు అంటించేవారు. కుర్రాళ్లు మాత్రం అలాగే ఉండేవారు. భుజాన సంచి, చేతిలో జిరాక్సు కాగితాలు, కళ్ల కింద నలుపు. రూముల్లో కరెంటు కుక్కర్ల మీద అన్నం వండుకుని, కూర మాత్రం మా దగ్గర కొనుక్కునేవారు. అందువల్ల నా మాట నిలబడింది. అన్నం వాళ్లు వండుకుంటున్నారు. నేను దాని పక్కన కలుపుకోవడానికేదో ఇస్తున్నాను. అలా అనుకుంటే రాత్రి నిద్ర పట్టేది.

వంటగదికీ ముందు గదికీ మధ్య ఒక తెర కట్టించాను. నేను తెర దాటి వచ్చేదాన్ని కాదు. ఎవరో ఒక కుర్రాడు ఆంటీ అని పిలిస్తే పలికేదాన్నీ కాదు. ముందు గదిలో మా అమ్మాయి ఉండేది. తొమ్మిదో తరగతిలో మొదలుపెట్టింది, స్కూలు నుంచి రాగానే మొహం కడుక్కుని కౌంటర్ వెనక కూర్చోవడం. పప్పు, పులుసు, వేపుడు కవర్లలో పోసి, గాలి నింపి, రబ్బరు బ్యాండు తిప్పి ముడివేసే విద్య దాని వేళ్లకు ఎప్పుడు వచ్చిందో నేను చూడలేదు.

మొదట్లో నా భయమంతా ఆ కుర్రాళ్ల గురించే. తెర వెనక పులుసు కలుపుతూ చెవులు అటే పెట్టేదాన్ని. ఒకరోజు ఎవడో, దొండకాయ వేపుడు నీ అంత కరకరలాడుతోందా అని అడిగాడు. నేను గరిటె పట్టుకుని లేచాను. ఈలోపే అది అంది.

"జర చూస్కొని మాట్లాడన్నా. చెల్లెలి దగ్గర కూర తీస్కపోతున్నవ్."

ఆ కుర్రాడు కవరు అందుకుని వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి వాడే క్యూలో మిగతావాళ్లను సర్దేవాడు. తర్వాత గమనించాను, అది వచ్చిన ప్రతివాణ్ణీ అన్నా అనే పిలిచేది. దానికంటే చిన్నవాణ్ణి కూడా. ఆ పిలుపుతో అందరినీ ఎక్కడ ఉంచాలో అక్కడ ఉంచేది. నేను నేర్పిన విద్య కాదది. మా ఇంట్లో ఆడపిల్లలకు కొత్తవాళ్లతో మాట్లాడటం నేర్పేవారు కాదు.

దాని భాష మాత్రం నాకు ములుకులా గుచ్చుకునేది. కౌంటర్ దగ్గర "గిట్ల", "గట్ల", "తీస్కపో" అనేది. అన్నానికి కూర్చుని "గంటె ఇటు ఇవ్వు" అంటే, హస్తం అను, అని దిద్దేదాన్ని. అలాగే అనేది, మళ్లీ మర్నాడు గంటె అనేది. విసుక్కునేది కాదు. నేనే విసుక్కునేదాన్ని.

అది ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా హాస్టళ్లవాళ్లు రూముల్లో కుక్కర్లు వాడొద్దన్నారు. ఎక్కడో వైర్లు కాలాయట, ఇంటి ఓనర్లు బెదిరించారట. ఒక్కొక్క సందులో ఒక్కొక్క హాస్టల్, చూస్తుండగానే అందరూ అదే మాట. కుర్రాళ్లు మా దగ్గరికి వచ్చి అన్నం ఉందా అని అడగడం మొదలైంది. లేదని అమ్మాయి చెప్పేది. వాళ్లు రోడ్డు దాటి ఎదురుగా ఉన్న కొట్టుకు పోయేవారు.

ఆ కొట్టాయనది మెదక్ వైపు పల్లెటూరు. పొలం కలిసిరాక నగరానికి వచ్చి మొదట ఆటో నడిపి, తర్వాత మాలాగే కర్రీ పాయింట్ పెట్టాడు. కుక్కర్లు ఆగిన వారంలోనే పెద్ద డేక్షాలో అన్నం పెట్టాడు. అన్నం అక్కడ కొన్నవాడు కూర కోసం మళ్లీ ఇటు రాడు కదా. మా వంకాయ కూరను మెచ్చుకున్న కుర్రాళ్లే తలవంచుకుని ఎదుటి వైపు నిలబడేవారు. వాళ్లను అనడానికి ఏముంది. ఆకలి మీద ఉన్నవాడు రెండు కొట్లు తిరగడు.

ఎదుటాయన చెడ్డవాడు కాదు. ఒకసారి రోడ్డు మధ్యలో నిలబడి, "అక్కా, గా బువ్వ సుత పెట్టరాదే, గిరాకీ మస్తున్నది, నా ఒక్కనితోని అయితలేదు" అని తెర వైపు చూసి కేకేశాడు. నేను పలకలేదు. మీ అమ్మ రాణిగారి తీరు మాట్లాడదేంది బిడ్డా అని అమ్మాయిని అడిగి నవ్వాడట. అది కూడా నవ్విందట. నాకు చెప్పేటప్పుడు నవ్వలేదు.

రోజూ గిన్నెల్లో కూరలు మిగిలేవి. రాత్రి అదే, పొద్దున అదే, మా వారి క్యారేజీలో అదే. ఆయన ఎన్నడూ ఏమీ అనలేదు. ఆయన నోరు విప్పి అన్నది ఒక్కటే. షట్టరు దించేస్తే అమ్మాయి చదువు మాన్పించాల్సి రాదు గానీ, ఇక్కడి అద్దె కట్టలేం, ఇంకో ఊరు చూసుకోవాలి, అన్నారు. నా కాళ్లు ఆ మధ్య బాగా వాచేవి. పొయ్యి ముందు ముక్కాలిపీట మీద కూర్చుని ఆలోచించాను. ఈ కొట్టు పోతే మాకింకేమీ లేదు. కొట్టు ఉండాలంటే అన్నం పెట్టాలి. అన్నం పెడితే నాకు మిగిలిన రెండు మాటల్లో ఒకటి పోతుంది.

చివరికి ఒక దారి దొరికిందనుకున్నాను. ఆ సాయంత్రం కొట్టు తెరవకముందు అమ్మాయిని వంటగదిలోకి పిలిచి చెప్పాను. అన్నం అమ్మవద్దు. కూర కొన్నవాడికి అన్నం ఊరికే ఇద్దాం. కూర ధర మాత్రం ఆ మేరకు పెంచుదాం. అలా అయితే మన ఇంటి మాట పోదు, గిరాకీ పోదు. చెబుతుంటే నాకే గొప్పగా అనిపించింది. తాతగారు ఉంటే మెచ్చుకునేవారని కూడా అన్నట్టు గుర్తు.

అది చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఆపలేదు. నెమ్మదిగా అంది.

"వద్దమ్మా."

ఎందుకన్నాను.

"తాతగారు ఊరికే పెట్టారు. మనం ఊరికే పెట్టలేం. అందులో తప్పేం లేదు. డబ్బులు తీసుకుని ఊరికే పెట్టామని చెప్పుకోవడమే బాగుండదు."

నేను పొయ్యి మంట తగ్గించాను.

"అమ్మితే అమ్ముతున్నామని బోర్డు రాద్దాం. లేదంటే షట్టరు దించేద్దాం. ఏదైనా నాకు పర్వాలేదు. దొంగచాటుగా మాత్రం వద్దు. నీకే నచ్చదు తర్వాత."

నాకు కోపం వచ్చింది. పదహారేళ్ల పిల్ల, ఇంకా జడలో రబ్బరు బ్యాండ్లు పెట్టుకునే పిల్ల, మా తాతగారి గురించి నాకు చెబుతోంది. ఆయన పంక్తి నడిపిన రోజులు నేను సరిగా చూడలేదు, ఇదసలే చూడలేదు. ఆ సాయంత్రమంతా దానితో మాట్లాడలేదు. మర్నాడు కూడా ముక్తసరిగానే. అది దాని పని అది చేసుకుంది. నన్ను బతిమాలలేదు, ఎదురు చెప్పలేదు. నేను అలిగినప్పుడు మా నాన్నగారు అలాగే ఉండేవారు. నడుము నిటారుగా పెట్టుకుని, తన పని తాను చేసుకుంటూ.

రెండో రోజు మధ్యాహ్నం నేనే బయటికి వెళ్లాను. ఎండ మాడుతోంది. స్టీలు సామాన్ల కొట్లో ఒక పెద్ద డేక్షా కొని, ఆటోవాడు బేరానికి ఒప్పుకోకపోతే రిక్షాలో పెట్టించుకుని వచ్చాను. దారంతా కోచింగ్ సెంటర్ల కుర్రాళ్లు చేతుల్లో కరపత్రాలు కుక్కారు. ఎవరికీ వద్దనలేదు, ఓపిక లేదు. ఇంటికి వచ్చేసరికి డేక్షా నిండా కరపత్రాలు. అమ్మాయి వాటిని తీసి పక్కన పెట్టి, డేక్షా కడిగి బోర్లించింది.

మర్నాడు కాలేజీ నుంచి వచ్చి, సంచి లోపల పెట్టి, తిన్నగా రోడ్డు దాటి ఎదుటి కొట్టుకు పోయింది. నేను తెర సందులోంచి చూస్తున్నాను. రోడ్డు చిన్నదే కాబట్టి మాటలు వినబడ్డాయి.

"కాకా, ఇయ్యాల్టి సంది మేం సుత అన్నం పెడ్తున్నం. వేరేటోళ్లు చెప్తే వినుడు మంచిగుండదని నేనే చెప్పనీకి వచ్చిన."

ఆయన చేతిలో పని ఆపి దాని మొహంలోకి చూశాడు. "గీ మర్యాదలన్ని ఎవరు నేర్పిండ్రే నీకు" అన్నాడు. తర్వాత, "పెట్టుండ్రి బిడ్డా, నాకేం ఫికర్ లేదు. జనం మస్తున్నరు" అన్నాడు.

ఎవరు నేర్పారో నాకూ తెలియదు. నేనైతే ఆయనకు చెప్పి ఉండేదాన్ని కాదు. మా ఇంట్లో ఎవరూ ఎవరి దగ్గరికీ వెళ్లి చెప్పేవారు కాదు, చెప్పించుకునేవారు. అది రోడ్డు దాటి తిరిగి వస్తుంటే చూశాను. యూనిఫాం పాతబడి భుజాల దగ్గర బిగుతైంది. ఈ పిల్ల ఎప్పుడింత ఎదిగిందా అనుకున్నాను. గొప్పగా అనిపించింది. నీరసంగానూ అనిపించింది. రెండూ ఒకేసారి రావడం నాకదే మొదలు.

అన్నం ఉడికింది. గంజి వార్చి, డేక్షాను చెరో పక్క పట్టుకుని ఇద్దరం ముందు గది వైపు మోశాం. తెర దగ్గర నేను ఆగిపోయాను. అది నన్ను రమ్మనలేదు. చెయ్యి మార్చుకుని తనే లాక్కుని పోయి కౌంటర్ పక్కన పెట్టింది.

మొదట వచ్చింది కళ్లజోడు కుర్రాడు, నల్గొండవాడట. అన్నం పెట్టినట్లున్నరు గదా చెల్లె అని సంతోషంగా అడిగాడు. పప్పు, బెండకాయ కూర, అన్నం చెప్పాడు. అది పప్పు కట్టింది, కూర కట్టింది. తర్వాత అన్నం కవరు తెరిచి పట్టుకుంది. నేను చూడలేక తల తిప్పుకున్నాను, మళ్లీ చూశాను.

హస్తం నిండా ఒకసారి వేసింది. అమ్మే కొలత అదే. కవరు ముడి వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. మళ్లీ హస్తం డేక్షాలో ముంచి, కొసన కొంచెం, పిడికెడు కూడా ఉండదు, తీసి వేసింది. అప్పుడు ముడి వేసింది.

కుర్రాడు చూశాడు. "గంత జరంత మళ్ల దేనికి చెల్లె? ఒక్కపారే ఎయ్యొచ్చు గద."

"మా ఇంట్ల ఒక్క గంటె పెట్టి ఊకోరన్నా. రెండోది ఎయ్యాలె."

ఎట్లనో గట్ల, నాకైతే లాభమే, అంటూ వాడు కవర్లు వేళ్లకు తగిలించుకుని వెళ్లిపోయాడు. వాడి వెనక ఇంకొకడు నిలబడ్డాడు. వాడికీ అంతే. ఒకసారి నిండుగా, ఒకసారి కొసన. వరసగా అందరికీ అంతే. ఎవరో చూస్తున్నారని కాదు. నేను తెర వెనక ఉన్నానని దానికి గుర్తు కూడా ఉన్నట్టు లేదు.

హస్తం అనాలి, గంటె కాదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. దిద్దలేదు.

డేక్షా సగం దిగింది. వీధిలో ఇంకా జనం ఉన్నారు. కాళ్లు లాగుతున్నాయి. గోడ పట్టుకుని వెనక్కి తిరిగి, రెండో వాయికి బియ్యం కడగడానికి పోయాను.